వైఫైకి రూపం కట్టడం: వెలుగు కర్రతో ఫొటో, ఇక్కత్ గళ్లలో పటం

నల్లగొండ గడియారం సెంటర్‌లో ఫోన్ తీసి వైఫై జాబితా తెరిస్తే పేర్లు ఒకదాని వెనుక ఒకటి వస్తూనే ఉంటాయి. అవన్నీ మన చుట్టూ గాలిలో ఉన్న రేడియో తరంగాలే. కంటికి ఆనవు, చెవికి వినపడవు. వాటి బలం మాత్రం అడుగు అడుగుకీ మారుతుంది. గోడ వెనక్కి పోతే పడిపోతుంది, రేకుల షెడ్డు ముందు ఎగుడుదిగుడుగా ఊగుతుంది. ఆ మార్పును రాత్రిపూట వెలుగు కర్రతో ఫొటోలో పట్టడం, అదే కొలతను పోచంపల్లి ఇక్కత్ గళ్లలోకి దించడం అనే రెండు పనులు ఇక్కడ వివరిస్తున్నాం.

2011లో ఓస్లో నగరంలో టిమో ఆర్నల్, యోర్న్ క్నుట్సెన్, ఐనార్ స్నెవే మార్టినుస్సెన్ అనే డిజైనర్లు నాలుగు మీటర్ల కర్రకు 80 దీపాలు కట్టి వీధుల్లో వైఫైని ఫొటో తీశారు. సిగ్నల్ ఎంత బలంగా ఉంటే అంత ఎత్తు దాకా దీపాలు వెలిగేవి. మొదటి పని మూలం అక్కడిది. ఇక్కడ చెప్పేది చిన్న కర్ర, చౌక బోర్డు, మన దగ్గర దొరికే సామాన్లు.

రెండు పనులకూ ఒకటే నియమం. ప్రతి ఎత్తు వెనుక, ప్రతి రంగు వెనుక ఒక కొలత ఉండాలి, ఆ లెక్క పని మొదలుపెట్టే ముందే ఖరారు కావాలి. బొమ్మ బాగా రాలేదని తర్వాత సర్దితే అది వైఫై బొమ్మ కాదు, ఉత్త లైట్ల బొమ్మ.

ఏం కొలుస్తున్నాం

రౌటర్ నుంచి వచ్చే సిగ్నల్ బలాన్ని డీబీఎంలో, అంటే ఒక మిల్లీవాట్‌తో పోల్చే డెసిబెల్ (డీబీ) లెక్కలో చెబుతారు. అంకెలు మైనస్‌లో ఉంటాయి కాబట్టి మొదట్లో తికమక పడతారు: సున్నాకు దగ్గరగా ఉన్నది బలమైనది. మైనస్ 30 అంటే ఒక మైక్రోవాట్. మైనస్ 60 అంటే అందులో వెయ్యో వంతు, ఒక నానోవాట్. మైనస్ 90 అంటే ఒక పికోవాట్, అక్కడ వైఫై దాదాపు పనిచేయదు. ప్రతి 10 డీబీకి బలం పది రెట్లు మారుతుంది. అడ్డేమీ లేని చోట దూరం రెట్టింపైతే 6 డీబీ తగ్గుతుంది.

బలాన్ని నేరుగా వాట్లలో గీస్తే రౌటర్ పక్కన రెండు మీటర్లు మాత్రమే వెలిగి మిగతాదంతా చీకటైపోతుంది. అందుకే డీబీ లెక్కే వాడాలి. మైనస్ 90 నుంచి మైనస్ 30 దాకా 60 డీబీ. రెండు మీటర్ల కర్ర మీద మీటరుకు 60 చొప్పున 120 దీపాలు పెడితే ఒక్కో డీబీకి సరిగ్గా రెండు దీపాలు వస్తాయి. ఈ కర్ర కొలతలన్నీ ఆ లెక్కను బట్టి పెట్టినవే.

ఇంకో సంగతి తెలిసి ఉండాలి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు. రౌటర్ నుంచి నేరుగా వచ్చే తరంగమూ, గోడకో రేకుకో తగిలి వచ్చే తరంగమూ కలిసినప్పుడు కొన్నిచోట్ల బలం పెరుగుతుంది, కొన్నిచోట్ల రెండూ కొట్టేసుకుంటాయి. ఆ మార్పు 6 సెంటీమీటర్ల దూరంలోనే జరిగిపోవచ్చు. పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడి లోపల రోజంతా నిలిచి ఉండే నీడను చూసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. అక్కడ స్తంభాల మధ్య నుంచి వేర్వేరు దిక్కుల వెలుగు వచ్చి కలిసి ఆ నీడను నిలబెడుతుంది. మీ వాకిట్లో వైఫై ఆకారం కూడా ఒక్క రౌటర్ పుణ్యం కాదు, చుట్టూ ఉన్న ప్రతి గోడదీ అందులో పాలు ఉంటుంది.

దీనికి ఫోన్ చాలదా అని అడుగుతారు. చాలదు. ఆండ్రాయిడ్ 9 నుంచి ఒక యాప్ తెరమీద ఉన్నప్పుడు కూడా రెండు నిమిషాలకు నాలుగుసార్లకు మించి వైఫై స్కాన్ చేయనివ్వదు. మనకు సెకనుకు పది కొలతలు కావాలి.

సామాన్లు

- ఈఎస్‌పీ32 బోర్డు ఒకటి. ఇది వైఫై ఉన్న, ప్రోగ్రాం ఎక్కించుకునే చిన్న బోర్డు. పాత ఈఎస్‌పీ8266 కొనవద్దు. వైఫై పని మధ్యలో దూరి దీపాల టైమింగ్‌ను చెడగొడుతుంది. ఈఎస్‌పీ32లో దీపాలకు సంకేతం పంపడానికి విడిగా ఒక భాగం ఉంది.
- డబ్ల్యూఎస్2812బీ ఎల్ఈడీ స్ట్రిప్, 5 వోల్టులది, మీటరుకు 60 దీపాలు, 2 మీటర్లు. చూడడానికి ఒకేలా ఉండే 12 వోల్టుల రకం కూడా దుకాణంలో ఉంటుంది, అడిగి తీసుకోండి.
- బోర్డు సంకేతాన్ని 5 వోల్టులకు పెంచే 74ఏహెచ్‌సీటీ125 చిప్ ఒకటి, 330 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, 1000 మైక్రోఫారడ్ 10 వోల్టుల కెపాసిటర్ ఒకటి.
- 5 వోల్టుల 2 ఆంపియర్ల పవర్ బ్యాంక్, కోసి వాడుకోవడానికి పాత యూఎస్‌బీ కేబుల్.
- 0.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, ఎరుపు మూడు మీటర్లు, నలుపు మూడు మీటర్లు.
- కరెంటు వైరింగ్‌కు వాడే 25 మిల్లీమీటర్ల పీవీసీ పైపు, రెండున్నర మీటర్లు. వెదురు కర్ర కూడా పనికొస్తుంది. ఇనుప పైపు, అల్యూమినియం పట్టీ మాత్రం వద్దు, లోహం కొలతనే మార్చేస్తుంది.

పైపు, తీగ, టేపు ఏ ఎలక్ట్రికల్ దుకాణంలోనైనా దొరుకుతాయి. బోర్డు, చిప్, స్ట్రిప్ కోసం హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీకి పోవాలి, లేదంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి.

కర్ర కట్టడం

బోర్డు పైన, పవర్ బ్యాంక్ కింద. ఇది మారకూడదు. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీరే, 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు బాగా పీలుస్తుంది. బోర్డు నడుము ఎత్తులో ఉంటే, మనిషి రౌటర్‌కు అడ్డం వచ్చినప్పుడు పది డీబీ దాకా తేలిగ్గా పడిపోతుంది, అంటే ఫొటోలో ఇరవై దీపాలు మాయం. బోర్డు తల కన్నా ఎత్తున ఉంటే ఆ బెడద చాలా తగ్గుతుంది. బరువైన పవర్ బ్యాంక్ కింద ఉండడం వల్ల కర్ర కూడా ఊగదు.

బోర్డు పైన ఉంది కాబట్టి స్ట్రిప్ డేటా మొదలయ్యే కొస కూడా పైనే ఉండాలి. స్ట్రిప్ మీద బాణం గుర్తులుంటాయి, అవి కిందికి చూడాలి. కింది నుంచి పైకి వెలగాలి కదా అని స్ట్రిప్‌ను తిప్పి, రెండు మీటర్ల డేటా తీగ లాగితే సంకేతం చెడిపోయి దీపాలు పిచ్చిపిచ్చిగా మెరుస్తాయి. దిశ మార్చే పని ప్రోగ్రాంకు వదిలేయండి: అడుగున ఉన్నది 119వ దీపం, పైన ఉన్నది సున్నా.

బోర్డు ఇచ్చే సంకేతం 3.3 వోల్టులు. 5 వోల్టుల మీద నడిచే స్ట్రిప్‌కు కనీసం 3.5 వోల్టులు కావాలి. చాలాసార్లు చిప్ లేకుండానే వెలుగుతుంది, అందుకే చాలామంది దాన్ని వదిలేస్తారు. తర్వాత ఓ రాత్రి మైదానంలో మొదటి దీపం ఆకుపచ్చగా తడబడడం మొదలవుతుంది. చిప్‌ను పెట్టే తీరు ఇది: 14వ కాలుకు 5 వోల్టులు, 7వ కాలు గ్రౌండ్‌కు, 1వ కాలు కూడా గ్రౌండ్‌కు, 2వ కాలుకు బోర్డు 13వ పిన్ (జీపీఐఓ 13) నుంచి తీగ, 3వ కాలు నుంచి 330 ఓమ్‌ల రెసిస్టర్ మీదుగా స్ట్రిప్ డేటాకు. వాడని 4, 5, 9, 10, 12, 13 కాళ్లను గ్రౌండ్‌కు కలిపేయండి, గాలిలో వదలొద్దు. బోర్డు మీద 6 నుంచి 11 దాకా పిన్‌లు ఫ్లాష్ మెమరీవి, ముట్టుకోవద్దు. 34 నుంచి 39 దాకా సంకేతం తీసుకోవడానికే తప్ప ఇవ్వడానికి పనికిరావు. 12వ పిన్‌కు ఏదైనా కలిపి ఉంటే బోర్డు ఒక్కోసారి మొదలే కాదు.

కెపాసిటర్‌ను స్ట్రిప్ మొదట్లో ఎరుపు, నలుపు తీగల మధ్య సోల్డర్ చేయండి. దాని మీద మైనస్ చార ఉన్న కాలు నలుపు తీగకే పోవాలి. కింది నుంచి వచ్చే 5 వోల్టుల తీగలను స్ట్రిప్ రెండు కొసలకూ కలపండి. బోర్డు 5 వోల్టుల పిన్‌కు కూడా అక్కడి నుంచే ఇవ్వండి. బోర్డు, చిప్, స్ట్రిప్, పవర్ బ్యాంక్ అన్నింటి గ్రౌండ్ ఒకటే కావాలి. ప్రోగ్రాం ఎక్కించడానికి లాప్‌టాప్ కేబుల్ పెట్టినప్పుడు పవర్ బ్యాంక్ తీసేయండి.

బోర్డు యాంటెన్నా అంటే కొసన పాములా మెలికలు తిరిగిన రాగి గీత. ఆ కొస పైపు దాటి బయటికి, పైకి ఉండాలి. స్ట్రిప్‌లోని రాగి పట్టీకీ దానికీ మధ్య 15 సెంటీమీటర్ల ఎడం వదలండి.

కరెంటు లెక్క

ఒక్కో దీపం పూర్తి తెలుపులో 60 మిల్లీయాంపుల దాకా తాగుతుంది. 120 దీపాలకు 7.2 ఆంపియర్లు. మన పవర్ బ్యాంక్ దానికి తట్టుకోలేదు. ఒక్క రంగు, 255లో 80 వెలుగు పెడితే గరిష్ఠంగా 750 మిల్లీయాంపులే. ప్రోగ్రాంలో దీపాలను నడిపే ఫాస్ట్‌ఎల్ఈడీ లైబ్రరీలో ఇన్ని వోల్టులు, ఇన్ని మిల్లీయాంపులు దాటొద్దని పరిమితి పెట్టే ఆదేశం ఉంది, 1500 దగ్గర ఆపండి. కరెంటు చాలకపోతే బోర్డు ఆగి మళ్లీ మొదలవుతుంది. అది ఎప్పుడూ బలమైన సిగ్నల్ ఉన్న చోటే, అంటే అన్ని దీపాలూ వెలిగిన చోటే జరుగుతుంది కాబట్టి కొత్తవాళ్లు సిగ్నల్ తప్పు అనుకుంటారు.

ప్రోగ్రాం ఏం చేయాలి

రౌటర్ తన ఉనికిని చాటుతూ 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి బీకన్ అనే చిన్న సందేశం పంపుతుంది. ఎవరూ నెట్ వాడకపోయినా పంపుతూనే ఉంటుంది. మనం కొలిచేది ఆ బీకన్ బలాన్ని. నెట్‌వర్క్‌కు కనెక్ట్ కానక్కర లేదు, కాకపోవడమే మేలు. కనెక్ట్ అయితే బలహీనమైన చోట సంబంధం తెగి, మళ్లీ కలిసే దాకా కర్ర గుడ్డిదైపోతుంది.

ముందు రౌటర్ సెట్టింగులలోకి పోయి 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ ఆన్ చేయండి. మామూలు ఈఎస్‌పీ32కు 5 గిగాహెర్ట్జ్ కనిపించదు. ఛానల్‌ను ఆటో నుంచి తీసి 1, 6, 11లలో ఒకదానికి కట్టేయండి. ఆటోలో ఉంటే పని మధ్యలో రౌటర్ ఛానల్ మార్చుకుంటుంది, కర్ర ఒక్కసారిగా ఆరిపోతుంది. రౌటర్‌ను ఇన్వర్టర్ మీద పెట్టడం మంచిది.

బోర్డును ప్రామిస్క్యువస్ మోడ్‌లో, అంటే కనెక్ట్ కాకుండానే గాలిలోని వైఫై సందేశాలన్నీ వినే తీరులో పెట్టి అదే ఛానల్‌కు బిగించండి. మేనేజ్‌మెంట్ ఫ్రేములు, అంటే బీకన్ లాంటి నిర్వహణ సందేశాలు మాత్రమే రానివ్వండి. బైట్లను సున్నా నుంచి లెక్కపెట్టండి. వచ్చిన ఫ్రేములో సున్నా నంబరు బైటు హెక్స్‌లో 80 అయితే అది బీకన్. 16వ బైటు నుంచి ఆరు బైట్లు ఆ రౌటర్ బీఎస్ఎస్ఐడీ, అంటే దాని గుర్తింపు నంబరు. అది మీ రౌటర్‌దైతే దానితోపాటు వచ్చిన బలం అంకెను ఒక వేరియబుల్‌లో దాచి, కొత్తది వచ్చిందని జెండా ఎత్తండి. అంతకు మించి ఆ ఫంక్షన్‌లో ఏ పనీ పెట్టొద్దు. అది వైఫై నడిపే టాస్క్‌లోనే నడుస్తుంది, అందులో దీపాలు వెలిగిస్తే బోర్డు తన్నేస్తుంది.

ప్రధాన లూప్‌లో జెండా చూసి, అంకెకు 90 కలిపి, రెండుతో గుణించండి. వచ్చినన్ని దీపాలు అడుగు నుంచి వెలిగించి 15 మిల్లీసెకన్ల తర్వాత ఆర్పేయండి. లెక్క సున్నా కన్నా తగ్గినా, 120 దాటినా అక్కడికి కత్తిరించండి. మైనస్ 52 వస్తే 76 దీపాలు. అంటే ఫొటోలో ఒక్కో గీత ఒక్కో బీకన్. సెకనుకు అర మీటరు నడిచే మనిషి 15 మిల్లీసెకన్లలో ముప్పావు సెంటీమీటరే కదులుతాడు కాబట్టి గీత సన్నగా పడుతుంది.

బీకన్ అందకపోతే గీత ఉండదు. ఆ ఖాళీని పాత అంకెతో పూడ్చొద్దు. పక్క ఇళ్ల వైఫైలు అదే ఛానల్ మీద మాట్లాడుతుంటే బీకన్లు ఢీకొని పోతాయి, ఆ రద్దీయే ఖాళీలుగా కనిపిస్తుంది. వాడకట్టంతా కరెంటు పోయి మీ రౌటర్ ఒక్కటే నడుస్తున్నప్పుడు అదే గీత మీద మళ్లీ ఫొటో తీయండి. ఖాళీలు తగ్గుతాయి. పక్కపక్కన పెట్టిన ఆ రెండు ఫొటోలు రద్దీ గురించి ఏ పట్టిక కన్నా బాగా చెబుతాయి.

మైదానానికి పోయే ముందు

కర్రను కదలకుండా నిలబెట్టి, దీపాలు వెలగనిచ్చి వంద అంకెలు తీసుకోండి. దీపాలు పూర్తిగా ఆపి ఇంకో వంద తీసుకోండి. రెండింటి మధ్య అంకెలు 2 డీబీకి మించి తేడాగా ఉంటే బోర్డును స్ట్రిప్‌కు ఇంకొంచెం దూరం జరపండి. తర్వాత బడి మైదానం లాంటి ఖాళీ చోట రౌటర్‌కు 2, 4, 8, 16 మీటర్ల దగ్గర కొలవండి. ఒక్కో మెట్టుకు ఇంచుమించు 6 డీబీ తగ్గాలి. నేల నుంచి తిరిగొచ్చే తరంగం వల్ల ఒకటి రెండు చోట్ల తప్పుతుంది, ఫర్వాలేదు. అసలు తగ్గకపోతే మీరు చూస్తున్నది వేరే రౌటర్.

చోటు, వేళ

ఖాళీ మైదానంలో ఫొటో అందంగా రాదు, ఎందుకంటే అక్కడ జరిగేదేమీ లేదు. అడ్డంకి ఉన్న చోటే ఆకారం పుడుతుంది. రేకుల షెడ్డు ముందు గీతల ఎత్తులు రంపపు పళ్లలా లేచి పడతాయి, లోహం తరంగాన్ని దాదాపు మొత్తం వెనక్కి కొడుతుంది కాబట్టి. పాత రాతి గోడల ఇంటి మూల తిరగగానే వరుస ఒక్కసారి కుంగుతుంది. నీళ్లు నిండిన ప్లాస్టిక్ డ్రమ్ము వెనుక చిన్న లోయ పడుతుంది. డ్రమ్ము ఖాళీ చేసి మళ్లీ తీస్తే ఆ లోయ దాదాపు పోతుంది. చింత చెట్టు కింద వాన వెలిసిన రాత్రి ఒకటి, ఎండిన రాత్రి ఒకటి తీసి చూడండి, తడి ఆకులు బాగా పీల్చుకుంటాయి. వానచినుకులు మాత్రం ఈ దూరాల్లో 2.4 గిగాహెర్ట్జ్‌ను పెద్దగా ఏమీ చేయవు.

పొద్దు గూకిన 25 నిమిషాల నుంచి 40 నిమిషాల మధ్య ఇంటి ఆకారమూ కనిపిస్తుంది, దీపాలూ కనిపిస్తాయి. నల్లగొండలో డిసెంబరులో పొద్దు గూకేది 5:45 ప్రాంతంలో, జూన్‌లో 6:45 ప్రాంతంలో. వెన్నెల భయం అక్కర లేదు. వీధి దీపాలతోనే చిక్కు, అవి ఫ్రేములో పడితే ముప్పై సెకన్లలో ఆ మూల తెల్లగా కాలిపోతుంది.

నాగార్జునసాగర్ డ్యాం, సబ్‌స్టేషన్లు, రైల్వే స్థలాల దగ్గరికి ఈ కర్రతో పోవద్దు. పాలమూరు పిల్లలమర్రి, పాత గుళ్లు, దేవరకొండ కోట లాంటి చోట్ల ముందు అనుమతి తీసుకోండి, రాతికి గానీ చెట్టుకు గానీ ఏదీ అతికించొద్దు. మీ గల్లీలోనైనా సరే, చీకట్లో మెరిసే కర్ర పట్టుకుని తిరిగే ముందు ఇరుగుపొరుగుకు చెప్పండి.

ఫొటో

నేల మీద ముగ్గుపిండితో 15 మీటర్ల గీత వేసి అర మీటరుకొక చుక్క పెట్టండి. సెకనుకొక చుక్క దాటాలి. మెట్రోనోమ్ యాప్‌లో నిమిషానికి 60 పెట్టుకుని, ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో జేబులో వేసుకుంటే నడక తప్పదు. ఆ వేగంలో గీతల మధ్య 5 సెంటీమీటర్లు వస్తాయి. అలలు స్పష్టంగా కావాలంటే సగం వేగంతో నడవండి, 2.5 సెంటీమీటర్లకొక గీత పడుతుంది. అప్పుడు 30 సెకన్లలో ఏడున్నర మీటర్లే వస్తాయి.

కెమెరా స్టాండు మీద, గీతకు 12 మీటర్ల దూరంలో ఉండాలి. 24 మిల్లీమీటర్ల లెన్సుకు, చాలా ఫోన్ల మెయిన్ కెమెరాకు ఆ దూరంలో 15 మీటర్లు అటూఇటూ కొంచెం జాగాతో సరిపోతాయి. ఐఎస్ఓ 200, ఎఫ్ 5.6, షట్టర్ 30 సెకన్లతో మొదలుపెట్టండి. గీతలు తెల్లగా కాలిపోతే ఎఫ్ 8కి పోండి. దీపాల వెలుగు అంకెను మధ్యలో మార్చొద్దు, ఒక వరుసలోని ఫొటోలు ఒకదానితో ఒకటి పోల్చేలా ఉండాలి. గీత మధ్యలో టార్చ్ పెట్టి దాని మీద ఫోకస్ చేసి మాన్యువల్‌కు మార్చండి. వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో ఉంచితే ఫొటోకో రంగు వస్తుంది. ఫోన్‌లో ప్రో మోడ్ కావాలి, నైట్ మోడ్ పనికిరాదు. అది చిన్న చిన్న ఫొటోలు కలిపి, కదిలేదాన్ని తుడిచేయాలని చూస్తుంది, మనకు కావలసింది ఆ కదిలేదే.

నడిచేవాళ్లు నల్లటి బట్టలు వేసుకోవాలి, కర్రకూ రౌటర్‌కూ మధ్య గానీ, కర్రకూ కెమెరాకూ మధ్య గానీ తాము రాకుండా నడవాలి, ఎక్కడా ఆగొద్దు. కర్ర నిటారుగా ఉండాలి, స్ట్రిప్ ముఖం కెమెరా వైపే ఉండాలి. కర్ర పక్కకు తిరిగితే దీపాలు మసకబారతాయి, వంగితే ఎత్తులు అబద్ధం చెబుతాయి. పైపుకు చిన్న రసమట్టం అతికిస్తే నడిచేవాళ్లకు ఆసరా.

గోడకు 2, 4, 6 మీటర్ల దూరంలో మూడు గీతలు వేసి, కెమెరా కదపకుండా మూడు ఫొటోలు తీయండి. వాటిని కంప్యూటర్‌లో లైటెన్ మోడ్‌తో ఒకదానిమీద ఒకటి వేస్తే వైఫై తెరలు తెరలుగా నిలబడి కనిపిస్తుంది. గీతకో రంగు పెట్టాలనిపిస్తుంది, పెట్టొచ్చు. కానీ ఆ రంగు గీత దూరానికి గుర్తు, బలానికి కాదు అని ఫొటో పక్కన రాయాలి.

ఎరుపు అడిగితే ఆకుపచ్చ వస్తుంటే ప్రోగ్రాంలో రంగుల వరుసను ఆకుపచ్చ, ఎరుపు, నీలంగా మార్చండి. ఈ స్ట్రిప్‌ల అలవాటు అది. కర్ర మధ్య నుంచి కిందిదాకా దీపాలు వెలగకపోతే ఆఖరున వెలిగిన దీపానికీ దాని తర్వాతిదానికీ మధ్య సోల్డర్ చూడండి. పైపు వంగినప్పుడు ముందుగా విరిగేది అదే.

అదే కొలత ఇక్కత్‌లోకి

ఇక్కత్‌లో నూలును నేతకు ముందే గ్రాఫ్ కాగితం మీది గళ్ల ప్రకారం కట్టి రంగు అద్దుతారు. గళ్లలో కొలిచిన వైఫైకి ఇంతకన్నా దగ్గరి కళ మన జిల్లాల్లో ఇంకోటి లేదు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో, పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. తేలియా సంప్రదాయంలోని ఎరుపు, నలుపు, తెలుపు మూడే మన పనికీ చాలు.

ఆరు మీటర్ల చదరపు వాకిలి తీసుకుని 25 సెంటీమీటర్లకొకటి చొప్పున 24 అడ్డ వరుసలు, 24 నిలువు వరుసలు ముగ్గుపిండితో చుక్కలు పెట్టండి. 576 చుక్కలు. బోర్డును ప్లాస్టిక్ స్టూలు మీద ఒకే ఎత్తులో ఉంచి చుక్కకు 20 అంకెలు తీసుకోండి. బోర్డును కదలకుండా పెట్టి కొలవొద్దు. తరంగం పొడవు కన్నా చుక్కల ఎడం ఎక్కువ కాబట్టి, ఒక్క బిందువు అంకె ఆ గడి మొత్తానికి చెల్లదు, పటమంతా పొక్కులు పొక్కులుగా వస్తుంది. రెండు సెకన్ల పాటు బోర్డును 15 సెంటీమీటర్ల వలయంలో మెల్లగా తిప్పుతూ 20 అంకెలు తీసి, వాటిలో నడిమి అంకెను రాసుకోండి. మొత్తం గంట పడుతుంది. ఆ గంటలో రౌటర్ కదలొద్దు, వాకిట్లో బండి పెట్టడం, తీయడం వద్దు.

576 అంకెలను పెద్దది నుంచి చిన్నదాకా పేర్చి 192 చొప్పున మూడు భాగాలు చేయండి. ఒకే అంకె రెండు భాగాల సరిహద్దులో పడితే ఆ అంకె ఉన్న గళ్లన్నింటినీ పై భాగంలోనే వేయండి, లెక్క కొంచెం అటూఇటూ అయినా సరే. బలమైనది ఎరుపు, మధ్యది తెలుపు, బలహీనమైనది నలుపు. ఎక్కడ కోశారో ఆ రెండు డీబీఎం అంకెలూ రాసి పెట్టుకోండి. ఒంటరి గళ్లు, అంటే చుట్టూ నలుపున్న ఒక్క ఎరుపు గడి లాంటివి, కట్టడానికి కష్టం. తీసేయాలంటే చుట్టూ ఉన్న ఎనిమిదింటిలో ఎక్కువ ఏ రంగో అది పెట్టండి. ఆ సూత్రం అన్ని గళ్లకూ వర్తించాలి, కంటికి నచ్చనివాటికి మాత్రమే కాదు.

48 అంగుళాల పన్నాకు 24 గళ్లు అంటే గడికి 2 అంగుళాలు. మొదటి బట్టకు పేక (అడ్డపోగు) మాత్రమే ఇక్కత్ చేయించండి, పడుగు (నిలువుపోగు), పేక రెండూ వద్దు. మాస్టర్ వీవర్ దగ్గరికి గ్రాఫ్ తీసుకుపోయినప్పుడు ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది: ఈ డిజైన్‌లో ఎక్కడా తిరగబడ్డ సగం లేదు, మళ్లీ వచ్చే పువ్వు లేదు. మామూలు డిజైన్లలో నూలును మడిచి ఒకే కట్టుతో రెండు మూడు చోట్లకు సరిపెడతారు. వైఫైలో ఆ సౌలభ్యం లేదు, ప్రతి గడినీ విడిగా కట్టాలి. ఆసు పోయడంలో, అంటే కట్టే ముందు నూలును మేకుల మీద వరుసగా చుట్టడంలో అదనపు శ్రమ లేదు, చింతకింది మల్లేశం గారి ఆసు యంత్రం మీద పోసినా చేత్తో పోసినా ఒకటే. శ్రమంతా చిటికి కట్టడంలో, అంటే రంగు అంటకుండా గళ్ల ప్రకారం నూలును బిగించడంలో ఉంది. కూలీ దాని ప్రకారం మాట్లాడుకోవాలి, సగం ముందే ఇవ్వాలి. ఎన్ని పోగుల కట్ట, ఏ నూలు అన్నది వాళ్ల నిర్ణయం.

కట్టే వరుస ఇలా ఉంటుంది: తెలుపు ఉండాల్సిన చోట్లు ముందు బిగించి నూలంతా ఎరుపులో ముంచుతారు. ఆరాక ఎరుపు ఉండాల్సిన చోట్లు కూడా బిగించి నలుపులో ముంచుతారు. చివర్లో అన్ని కట్లూ విప్పుతారు. గ్రాఫ్ మీద మూడు రంగులు వేసి ఇవ్వడంతో పాటు, మొదటి ముంపుకు ఒకటి, రెండో ముంపుకు ఒకటి, కట్టాల్సిన గళ్లు మాత్రమే నింపిన రెండు విడి కాగితాలు ఇస్తే పొరపాటు జరగదు.

గళ్ల అంచుల్లో రంగు కొంచెం పాకుతుంది. దాన్ని లోపం అనుకుని పదునుగా కావాలని పట్టుపట్టొద్దు. మన కొలతలోనే రెండు మూడు డీబీల ఊగిసలాట ఉంది. సరిహద్దు అక్కడే ఉందని గీత గీసి చెప్పగల బలం ఆ అంకెలకు లేదు. ఇక్కత్ అంచు ఆ సంగతిని ఉన్నదున్నట్టు చూపిస్తుంది.

ఎదుటివాళ్ల వైఫై

మీ రౌటర్‌నో, అనుమతి ఇచ్చినవాళ్ల రౌటర్‌నో మాత్రమే గీయండి. చాలామంది వైఫైకి ఇంటి పేరు, ఫోన్ నంబరు కూడా పెట్టుకుంటారు, అవి ఫొటోలో గానీ ఫైలులో గానీ మిగలకూడదు. బీఎస్ఎస్ఐడీని ఎక్కడా బయటపెట్టొద్దు, దాంతో ఇల్లు ఎక్కడుందో మ్యాపులో వెతికి పట్టుకోవచ్చు. ప్రోగ్రాం బీకన్ కాని ఫ్రేములను తెరవకుండానే పారేయాలి. ఇతరుల సందేశాలను పట్టి దాచడం నేరం, ఈ కళకు దాని అవసరమూ లేదు.

గోడ మీద పెట్టేటప్పుడు

ఫొటో పక్కన కర్ర ఎత్తుకు సరిపోయే కొలబద్ద ఒకటి ముద్రించండి: అడుగున మైనస్ 90, నడుమ మైనస్ 60, పైన మైనస్ 30. తేదీ, సమయం, ఛానల్, రౌటర్ ఉన్న చోటు, నడక వేగం, ఆ వేళ వీధిలో కరెంటు ఉందా లేదా రాయండి. బట్ట పక్కన రెండు కోత అంకెలు, ఒంటరి గళ్లకు వాడిన సూత్రం, వాకిలి కొలతలు రాయండి. చిటికి కట్టినవాళ్ల పేరు, నేసినవాళ్ల పేరు వాళ్లు సరేనంటే మీ పేరు ఉన్న అక్షరాల సైజులోనే వేయండి. బట్టను బోర్డుకు బిగదీసి మేకులు కొట్టొద్దు, పేక సాగి గళ్లు వంకరపోతాయి. పై అంచున గొట్టంలా కుట్టించి కర్ర దూర్చి, ఎండ నేరుగా పడని గోడకు వేలాడదీయండి.